నారాయణప్ప పొదల్లోకి విసిరిన లద్దె

కుప్పం,
సోమవారం

అమ్మా నందినీ,

తాతయ్య దీవెనలు. పద్దెనిమిది ఏనుగుల లద్దె డబ్బాలు మదనపల్లె బస్సుకు వేశాను. మిగతా రెండు ఏనుగులవి ఈ నెలా దొరకలేదు.

కండక్టరు “ఏమప్పా, డబ్బాల్లో హల్వానా?” అని మూత తీయబోయాడు. తీసుంటే బస్సు పుంగనూరు దాటేది కాదు.

మా నాయన పేడ చూసి ఆవు అలిగిందో లేదో చెప్పేవాడు. నువ్వు లద్దెలో కంటికి కనబడని కడుపు పురుగుల, అదే నట్టల, గుడ్లు లెక్కపెడతావు. నాయన ఉంటే నీకు దండం పెట్టేవాడు.

నీ నారాయణప్ప

మదనపల్లె,
శుక్రవారం

ప్రియమైన తాతా,

మూడు నెలలుగా అన్ని ఏనుగుల్లోనూ నట్టలు కొంచెం కొంచెం, దాదాపు సమానంగా వస్తున్నాయి. అడవిలో అట్లా ఉండదు. నట్టలు మంద మొత్తంలో సమానంగా పరుచుకోవు, ఏ ఒకటి రెండు జంతువుల్లోనో గుంపుకడతాయి. “ఇది అడవిలో తీసిన లెక్కా, కుర్చీలో కూర్చుని రాసిందా?” అన్నారు మా గైడు. నెలాఖరులోగా తేల్చకపోతే నా పరిశోధన ఆపేస్తారట. తప్పెక్కడో తెలియడం లేదు.

మీ నందిని

కుప్పం,
ఆదివారం

బంగారు తల్లీ,

తప్పు నాది. ఫారెస్టులో వాచరుగా చేరకముందు పదేళ్లు మీ మదనపల్లె మార్కెట్లో టమోటాలు ఏరాను. మచ్చ కాయ కనబడితే చెయ్యి దానంతటదే విసిరేస్తుంది. పెళ్లిచూపుల్లో కూడా పళ్లెంలోని లడ్లు ఏరబోతే మా అమ్మ గిల్లింది. అది వేరే కథ.

నేను దొరకలేదన్న ఆ రెండు ఏనుగులు, ముసలి గంగమ్మ, ఒంటికొమ్మోడు, వేసే లద్దెలు ఎప్పుడూ పురుగులతో కదులుతుండేవి. చదువుకునే పిల్లకు చెడ్డ సరుకు పంపడమేమిటని పొదల్లోకి విసిరేసి, దొరకలేదని అబద్ధం రాశాను. ఈసారి ఆ రెండే పంపుతున్నాను. తిట్టు, పడతాను.

తలవంచుకుని,
నారాయణప్ప

మదనపల్లె,
బుధవారం

తాతా,

మీరు విసిరేసిందే నేను వెతుకుతున్నది! ఆ రెండింటిలో ఉన్నన్ని గుడ్లు మిగతా పద్దెనిమిదీ కలిపినా లేవు. అయినా గైడు నమ్మడం లేదు. “లద్దె మీద పేరుంటుందా? ఎవరిదో ఆ ముసలాయనకెట్లా తెలుసు?” అంటున్నారు. శనివారం స్వయంగా వస్తున్నారు. నేను పక్కనుంటే మీకు జవాబులు అందిస్తానని నన్ను రావద్దన్నారు. నా మూడేళ్ల చదువు మీ చేతిలో ఉంది.

నందిని

కుప్పం,
శనివారం సాయంత్రం

అమ్మా నందినీ,

మీ గైడు కొత్త బూట్లతో వచ్చారు, పాపం. మొదటి కుప్ప చూపించి “ఇది ఎవరిది?” అన్నారు.

“గంగమ్మది సార్. పండ్లు అరిగిపోయిండాయి. సూడండి, వెదురు నమలకుండా అట్లే దిగిండాది.”

“కథలు చెప్పకు.”

“రాండి సార్, ఆమెనే అడుగుదాం.”

అరగంట నడిపించి వాగు అవతల ఆమెను చూపించాను. మహాతల్లి, తోకెత్తి మా ఎదుటే సాక్ష్యం పెట్టింది. ఆమె అడవిలోకి పోయాక వాగు దాటి చూశాం. వెదురు పుల్లలు పుల్లలుగానే ఉన్నాయి.

ఆయన ఒక పుల్ల తీసి తిప్పి చూశారు. తర్వాత “ఎక్కడ చదువుకున్నావప్పా ఇదంతా?” అన్నారు.

“మీరు నిలబడుండారే సార్, దాంట్లోనే.”

కిందికి చూసుకున్నారు, కొత్త బూట్లు లద్దెలో దిగబడి ఉన్నాయి. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన నవ్వి, ఆ బూట్లతోనే గొంతుక్కూర్చుని, డబ్బా అడిగి వట్టి చేత్తో నింపారు. “ఇరవై ఏనుగుల లెక్కా రాసుకోమను ఆ పిల్లను” అన్నారు.

ఆ డబ్బా ఇప్పుడు ఆయన ఒళ్లోనే బస్సెక్కింది. జాగ్రత్తగా దించుకో.

నీ నారాయణప్ప తాత