చిలకా గోరింకా ఒకే పంజరంలో

అమ్మా, చెయ్యి మానుతోంది, బెంగపడకు. మా ఆయన మాత్రం ఏమీ మారలేదు.

నేను పనిచేసే పిట్టల కొట్టు యజమాని, "చిలకా గోరింకా జంటగా కనిపిస్తే జనం ముచ్చటపడి కొంటారమ్మా" అంటూ రెండింటినీ ఒకే పంజరంలో వేయించాడు. చిలకది గింజలు పగలగొట్టే ముక్కు, గోరింకది పురుగులు ఏరుకునే ముక్కు. తెల్లారేసరికి చిలక కొరికి గోరింక కాలు విరిచేసింది. కట్టు నేనే కట్టాను. అరవడం కూడా మానేసిందది. యజమాని అప్పటికప్పుడు వేరే పంజరం తెప్పించాడు.

పెళ్లిలో మమ్మల్నీ చిలకాగోరింకల్లా ఉండమనే కదా అందరూ దీవించారు! సర్దుకుపొమ్మని ఇక రాయకమ్మా, నావల్ల కాదు. నా గదిలో మంచం ఇంకా ఉందా, తీసేశారా? చెల్లికి పెళ్లి కుదిరితే ఆ దీవెన మాత్రం వద్దు. నాన్నకు నమస్కారాలు. జవాబు కొట్టు చిరునామాకే రాయి, ఇంటికి వద్దు.