ఆకు వెనక ముడి

అక్కా,

నువ్వున్నప్పుడు సూది పట్టమంటే పారిపోయేదాన్ని. నువ్వు పోయి ఏడాదైంది. నీ దారాలతోనే దిండు గలేబు మీద మిరపమొక్క కుట్టాను. నిన్న చీరాల మహిళా మండలి వాళ్లు ప్రదర్శనలో పెట్టారు. పటం కట్టి అద్దం బిగిస్తామంటే వద్దని, దండెం మీద వేయించాను.

"కాయలు తుంచుకోవాలనిపిస్తందమ్మాయ్!" అన్నారంతా. ఒక్కరూ తిప్పి చూడలేదు.

మగ్గమున్న ఇంట పుట్టామేమో, గుడ్డ తిరగేస్తే తప్ప నీకు నమ్మకం కుదిరేది కాదు. పేరంటానికొచ్చినవాళ్ల పైట మీద కుట్టుపువ్వు కనబడినా తిప్పి చూసి, "ముందువైపు ఎవరైనా కుడతారే, పనితనం వెనకుంటది" అనేదానివి. ముడి కనిపిస్తే ఇక తిట్లే.

అందుకే ఒక ఆకు వెనక ముడి కావాలనే వదిలాను. పొద్దుగూకేదాకా దాని పక్కనే నిలబడ్డాను.

నన్నెవరూ తిట్టలేదక్కా.