ఇనుప కంచె దగ్గర నా చోటు

బోధన్ పట్టణంలో మైక్ సెట్లు, డీజే బాక్సులు కిరాయికిచ్చే దుకాణం నడుపుతున్న నేను, కీర్తిశేషులు బాపురావు గారి రెండో కుమారుడు రాజశేఖర్, వయసు నలభై నాలుగు, అవివాహితుడను, పూర్తి స్పృహతో, మనోస్థిమితంతో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. మనోస్థిమితం విషయంలో మా వాడకట్టులో భిన్నాభిప్రాయాలున్నాయి. వాటిని గౌరవిస్తూనే ముందుకు పోతున్నాను.

సొంతంగా రాయకుండా రాయించడానికి కారణం, నా కుడిచెయ్యి మొద్దుబారింది. రేపు పొద్దున నిజామాబాద్‌లో మెడకు ఆపరేషన్. ఇరవై ఏళ్లుగా మెటల్ కచేరీల్లో తల ఊపిన ఫలితమట. డాక్టరు గారు "ఏం గాదు" అంటూనే ఒక కాగితం మీద నా సంతకం తీసుకున్నారు. ఏం గాకపోతే సంతకమెందుకు? అందుకే నేనూ ఒక కాగితం రాయించుకుంటున్నాను.

1. వారసుల సమాచారం కోసం: మెటల్ అనేది ఒక సంగీతం. గిటార్లు గర్జిస్తాయి, డ్రమ్ముల దెబ్బ రొమ్ము ఎముకకు తగులుతుంది, పాడేవాడు అరుస్తాడు. ఎందుకు అరుస్తాడని మా అన్న భానుప్రసాద్ ఏళ్ల తరబడి అడుగుతున్నాడు. ఎన్నికలప్పుడు మా దుకాణం మైకుల్లో అరిచేవాళ్లను మాత్రం ఆయన ఎన్నడూ అడగలేదు.

2. నాకు దేవత పూనుతుందన్న బిరుదును ఎవరికీ ఇవ్వడం లేదు. అది నాతోనే పోవాలి. మొదటి కచేరీ చూసి బెంగళూరు నుంచి వచ్చిన వారమే మా ఊళ్లో పోచమ్మ పండుగ. మా వాడకట్టులో డప్పు కొట్టే ఎర్రన్న దరువు పెంచాడు. నాకు అప్పుడు నడుము దాకా జుట్టు. ఒళ్లు ఆగక తల ఊపాను. "అమ్మొచ్చింది, సాక పొయ్యుండ్రి" అని ఆడవాళ్లు వేపాకు నీళ్లు కుమ్మరించారు. ఒక పెద్దమనిషి చేతులు కట్టుకుని "సక్కెర ఫ్యాక్టరిని సర్కారు మల్ల ఎప్పుడు తీసుకుంటది తల్లీ?" అని అడిగాడు. ఆయాసంతో "నీళ్లు" అన్నాను. ఆ యేడు వానలు కుండపోతగా కురిశాయి. ఇంకేముంది, ఊరికి దేవత దొరికింది, నాకు పెళ్లి తప్పింది. రుద్రూర్ సంబంధం వాళ్లయితే ముఖం మీదే చెప్పారు: "దేవుడొచ్చేటోనికి పిల్లనెట్లిస్తం?" వాళ్లమ్మాయి పుష్పలత నాకు నచ్చింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

3. నా గది, కూలరు, కచేరీల్లో దిగిన ఫొటోలు నన్ను కన్న మా అవ్వ సాయవ్వకు చెందవలెను. నా మీదికి వచ్చేది ఏ దేవతో తేల్చుకుంటానని ఆమె ఒకసారి నాతో బెంగళూరు వచ్చింది. పొద్దటి నుంచి వరుసలో నిలబడి, వేదిక ముందరి ఇనుప కంచె దగ్గర చోటు పట్టాం. మెటల్ మనిషికి ఆ చోటే పట్టా భూమి. పాట మొదలవగానే వేలమంది తలలూపారు. అవ్వ వెనక్కి చూసి, "ఇంతమందికి ఒక్కసారే వచ్చిందా? మరి సాక ఎవ్వలు పోస్తరురా?" అని కంగారుపడింది. కాసేపటికి జనం గుండ్రంగా ఉరుకుతూ ఒకర్నొకరు గుద్దుకుంటుంటే ఒక పిల్లవాడు కింద పడ్డాడు. పది చేతులు వాణ్ణి లేపి, చెప్పులు వెతికిచ్చి, మళ్లీ గుద్దడం మొదలుపెట్టాయి. అది అక్కడి కట్టుబాటు. అవ్వ ఊరికొచ్చాక "పడ్డోన్ని తొక్కుతలేరు, లేపుతున్నరు" అని ఇంటింటికీ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. నేను తలూపితే వానలొస్తాయని నమ్మినవాళ్లే, దీన్ని నమ్మలేదు. అవ్వా, నా జీన్స్ కోటును సబ్బుపెట్టి ఉతికిన నేరాన్ని ఇందుమూలంగా మాఫీ చేస్తున్నాను.

4. సదరు జీన్స్ కోటు, దాని మీద కుట్టించిన బ్యాండ్ల పేర్ల ప్యాచులతో సహా, అన్న కూతురు వర్షకు చెందవలెను. ఎన్నడూ ఉతకరాదు. దసరా వెళ్లిన వారానికి నేను వాకిట్లో కుప్పకూలాను. చెయ్యి కొట్టుకుంటోంది, నోట మాట రావడం లేదు. మా అన్న "అమ్మొచ్చింది, ఎవ్వలు ముట్టకుండ్రి" అని జనాన్ని దూరం జరిపి, కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, ఈ యేడు చెరుకుకు ధర ఎట్లుంటుందని నన్ను అడిగాడు. నేను చెప్పలేదు. అమ్మవారు అలిగిందనుకుని ఇంకో కాయ తెప్పించాడు. అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన వర్ష బ్యాగు విసిరేసి, "అమ్మ రాలే, గిమ్మ రాలే! చిన్నబాపు పడిపోయిండు, పట్టుండ్రి" అని నా మెడ కింద చెయ్యి పెట్టింది. ఆటోలో దవాఖాన దాకా ఆ చెయ్యి తియ్యలేదు. ఆ పిల్ల ఇంకా ఒక్క కచేరీ కూడా చూడలేదు. అయినా కట్టుబాటు తెలుసు.

5. దుకాణం, బాక్సులు ఎర్రన్నకు. పెళ్లి ఊరేగింపుల్లో కిటికీ అద్దాలు పగిలితే బాధ్యత కూడా ఆయనదే.

6. అన్న ఇంటిని ఆనుకుని ఉన్న నా రెండు గుంటల జాగ. దీనికోసం ఆయన నాతో మూడేళ్లు మాట్లాడలేదు. ప్రశాంతంగా గడిచిన ఆ మూడేళ్లకు కృతజ్ఞతగా జాగ ఆయనకే ఇస్తున్నాను, ఒక షరతు మీద. వచ్చే నెల బెంగళూరులో కచేరీ ఉంది. వర్షకూ నాకూ టికెట్లు తీసుకున్నాను. "ఆడిపిల్ల, గంత జనంల, గంత లొల్లిల ఏం పని?" అని అన్న వద్దన్నాడు. కాబట్టి నా టికెట్టు ఆయనకు రాసిస్తున్నాను. వర్షను వెంటబెట్టుకుని పోయి, కంచె దగ్గర నా చోటులో, మొదటి పాట నుంచి చివరి పాట దాకా నిలబడాలి. కొబ్బరికాయ తీసుకుపోరాదు. పోకపోతే ఆ జాగ వర్షది. ఆమె అక్కడ డ్రమ్ముల షెడ్డు వేసుకుంటుంది. అది అన్న పడకగది కిటికీకి సరిగ్గా ఎదురుగా పడుతుంది.

7. నేను బతికితే పై దఫాలన్నీ రద్దు, ఆరోది తప్ప. బతికినా ఇక జనంలో నిలబడే యోగం లేదని డాక్టరు తేల్చేశారు. ఈ ఒక్క మాటకు మాత్రం నాకు నవ్వు రావడం లేదు. ఏడ్చాను. వర్ష మొదటి కచేరీలో ఆమె పక్కన నిలబడాలని చాలా ఆశపడ్డాను.

8. ఈ వీలునామాను అమలుపరచవలసినది మా అవ్వ. ఆమె మాట దాటే ధైర్యం అన్నకు లేదు.

సంతకానికి ముందు దీన్ని మంచం పక్కన నిలబడ్డ అన్నకు చదివి వినిపించారు. జాగ గురించి అడుగుతాడనుకున్నాను. నా మెడపట్టీ వంక చూసి ఒక్కటే అడిగాడు: "పడ్డోన్ని నిజంగనే లేపుతరారా?"

లేపుతారు, అన్నా. నువ్వు ఏ కులమో, ఏ ఊరో అడగకుండా లేపుతారు.

తేది 14 నవంబరు 2025, నిజామాబాద్.

(ఎడమచేతి సంతకం) రాజశేఖర్

సాక్షులు:
1. వెంకటి, పక్క మంచం రోగి
2. ధనలక్ష్మి, నర్సు