మాక్లూర్ మెలిక

ఫిబ్రవరి 9
మా ఇంటామె గంగవ్వ చేతికి కట్టు వేశారు. పసుపు ఉడకబెట్టేచోట తడి మీద కాలు జారింది. కుడి మణికట్టు. దవాఖాన నుంచి వచ్చి వాకిట్లో నిలబడి, "రేపు ముగ్గు ఎవలేస్తరు?" అంది.

ఫిబ్రవరి 10
నేనే వేశాను. వీధి లేవకముందే. ఊడ్చి, పెండనీళ్లు చల్లి, పిండి గిన్నె పట్టుకుని వంగాను... పాలాయన బండి చప్పుడు. లోపలికి ఉరికాను. తలుపు సందులోంచి చూస్తే ఆయన నిలబడి చూస్తున్నాడు.
"గంగవ్వా, గీడ పిండి ఎవలన్న పారబోసిండ్లా?"
గంగవ్వ మంచంలో నవ్వి నవ్వి దగ్గింది.

ఫిబ్రవరి 12
గడప మీద కూర్చుంటోంది. చెయ్యి మెడకు వేలాడుతోంది. నోరు మాత్రం ఊరుకోదు.
"యూరియా సల్లినట్టు సల్లకయ్యా!"
నిజమే. నాది బతుకంతా పొలంలో ఎరువు చల్లిన చెయ్యి. మణికట్టు దానంతట అదే విసురుతుంది. విసరకూడదట. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారనివ్వాలట. చెయ్యి ముందు పోవాలి, పిండి దాని వెనక రావాలి.
పిండి నా కాళ్ల మీదే ఎక్కువ పడింది.

ఫిబ్రవరి 15
ఉపాయం దొరికింది. మక్కజొన్న పెట్టేటప్పుడు సాలుకు పట్టే తాడు తెచ్చి వాకిట్లో కట్టాను. తాడు వెంబడి చుక్కలు. ఒక్కటీ వంకర లేదు. సంబురంగా పిలిచాను.
ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది.
"మక్క మంచిగ మొలుస్తది" అంది.

ఫిబ్రవరి 18
ఎదురింటి సుజాత బజారులో ముగ్గు అచ్చు కొనుక్కొచ్చింది. నాకోసమే. "నాకెప్పుడో ఎరుకే మామా. రోజూ కిటికీలకెళ్లి చూస్తనే ఉన్న."
సిగ్గుతో చచ్చాను. అయినా అచ్చు తీసుకున్నాను. బొక్కలు బొక్కల రేకు. పిండి పోసి రుద్ది ఎత్తితే చాలు, నెమలి. తోక, తురాయి అన్నీ.
గంగవ్వ వంక పెట్టలేదు. "మంచిగున్నది. రేపు గూడ గిదే నెమలి గదా."
అచ్చు అటక మీద పెట్టాను.

ఫిబ్రవరి 21
ఇవాళ అసలు సంగతి బయటపెట్టింది. పసుపు మార్కెట్ యార్డుకు పోయేనాడు వాకిట్లో ఆమె ఒక ముగ్గు వేస్తుంది. మాక్లూర్ మెలిక. మాక్లూర్ ఆమె తల్లిగారి ఊరు, అక్కడ వాళ్లమ్మ నేర్పింది. ఒకటే గీత, చెయ్యి ఎత్తకుండా చుక్కలన్నిటి చుట్టూ తిరిగి, మొదలైన చోటికే వస్తుంది. పసుపు బండి దాని మీదుగా కదలాలి. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒక్క పంటకూ తప్పలేదు.
పసుపు కల్లంలో ఆరుతోంది. బండి కదిలే నాటికి కట్టు విప్పరు.
"చెప్పు, నేనేస్త" అన్నాను.
"నోటికి రాదయ్యా. చేతికే ఎరుక."
ఎడమచేత్తో గాలిలో తిప్పి చూసింది. ఎటో పోయింది. మళ్లీ తిప్పింది. ఈసారి నవ్వలేదు. వాళ్లమ్మ లేదు. ఇంకెవరికీ రాదు ఆ ముగ్గు.

ఫిబ్రవరి 22
నేర్చుకుంటా.

ఫిబ్రవరి 26
ఉత్త గీతలు. కల్లంలో ఒక మూల. గియ్యడం, తుడవడం. ముగ్గు జోలికి పోనివ్వడం లేదు.
విసుగొచ్చి అన్నాను — "గీతలతోటి ఏమైతదే? ముగ్గు మనసుల ఉండాలె గని."
"మనసుల ఉన్నది వాకిట్లకు ఎట్లొస్తది? గీ వేళ్లలకెళ్లే గదా రావాలె!"
నడుము పట్టేసింది. ఆమె ఎడమచేత్తోనే జండూబామ్ రాసింది.

మార్చి 2
గీత తెగలేదు! ఈ మూల నుంచి ఆ మూలకు, సన్నగా, ఒక్క తీరుగా. ఎట్లా వచ్చిందో... చేతిని చూడడం మరిచిపోయాను. పోవాల్సిన చుక్కను చూశాను. చెయ్యి దానంతట అదే పోయింది.
"ఆఁ" అంది గంగవ్వ.
అంతే. ఇవాళ రెండుసార్లు చాయ్ తాగాను.

మార్చి 6
కొత్త పద్ధతి. ఎటు పోవాలో ఆమె చెప్పలేకపోతోంది. కానీ నా గీత తప్పు దారి పడితే కంటికి తెలిసిపోతుంది.
"కాదు." తుడుస్తాను. "కాదు." తుడుస్తాను. "కాదయ్యా... ఆఁ."
ఇట్లా సగం ముగ్గు బయటికి వచ్చింది. సగానికి వచ్చినంక ఆమె కండ్లలో నీళ్లు. పిండి పడిందట. పిండి నా దగ్గర ఉంది.

మార్చి 9
రేపు పొద్దున్నే బండి. ఒక మూల ఇంకా రాలేదు.

మార్చి 10
ట్రాక్టర్ ట్రాలీ వాకిట్లోనే నిలబడింది. బస్తాలు ఎక్కించారు. తెల్లగా తెల్లారింది. దాగడానికి చీకటి లేదు. ట్రాలీ ముందు వంగి మొదలుపెట్టాను. గీత బాగా సాగింది. చివరి మూలకు వచ్చి ఆగింది. రెండు చుక్కల మధ్య ఒక్క మలుపు.
ఎడమకు తిప్పాను. "కాదు."
కుడికి తిప్పాను. "కాదు... ఏమో."
ఏమో అనడం ఇదే మొదటిసారి.
డ్రైవర్ హారన్ కొట్టాడు. "పెద్దాయనా, జర జల్ది! యార్డుల లైను పెరుగుతది."
అప్పుడే పాలాయన వచ్చాడు. "ఓహో, గప్పుడు పిండి పారబోసింది నువ్వేనా కాకా!" వీధి అంతా నవ్వింది. సుజాత అయితే కొంగు నోట్లో పెట్టుకుంది. నాకు లోపలికి ఉరకాలని అనిపించలేదు. ఆ మలుపే కనబడుతోంది. వంగే ఉన్నాను.
గంగవ్వే అంది — "బండిని పోనియ్యి. గా మూల మాత్రం తొక్కనియ్యకు."
చక్రాలు మెలిక మీదుగా పోయాయి. తెగిన మూల మీద గంప బోర్లించాను.

అదే రోజు, సాయంత్రం
పసుపుకు మంచి ధర పలికిందని యార్డు నుంచి ఫోన్ వచ్చింది. గంగవ్వకు చెబితే తల ఊపింది. వినలేదనుకుంటా. వాకిట్లో గంప పక్కనే కూర్చుంది. ఎత్తి చూసింది. కట్టులోంచి బయటికి వచ్చిన వేళ్ల కొసలు మెల్లగా కదిలాయి... ఒక పక్కకు. మళ్లీ ఇంకో పక్కకు.
గంప బోర్లించింది.
"ఎటు?" అన్నాను.
"నోటితో కాదయ్యా, పిండి గిన్నె తే" అంది.