అరచేయంత చోటు

మామయ్యా,

మీరిచ్చిన, ఇనుము చెక్కే మిల్లింగ్ మిషన్ మా షెడ్డులో కుదురుకుంది. చెక్కే ముక్కను కదలకుండా పట్టుకోడానికి కొత్త వైస్ బిగించాను, కొలతలు అంకెల్లో చూపించే డిస్‌ప్లే పెట్టాను. "దీనికి టీవీ కూడానా?" అని అమ్మ ఒకటే నవ్వు.

రంగు వేద్దామని తుడుస్తుంటే, మోటారు కింద ఒక పక్కన అరచేయంత మేర పాత రంగు అరిగిపోయి ఇనుము మెరుస్తోంది. అక్కడ పిడి లేదు, మీట లేదు. మీరక్కడ చెయ్యెందుకు పెట్టేవారా అని బుర్ర బద్దలుకొట్టుకున్నాను. నిన్న పని చేస్తూ నేనూ అక్కడే చెయ్యి ఆనించాను. కట్టర్ మొద్దుబారేసరికి మిషన్ వణుకు మారినట్టు అరచేతికి తెలిసింది. కానీ చప్పుడులో తేడా నా చెవికి అంతకుముందే తెలిసిపోయింది. మరి మీకు చెయ్యెందుకు కావలసి వచ్చింది?

"మీ మామయ్య పిలిస్తే పలకరు, అంత బెట్టు" అని అత్తయ్య ఎప్పుడూ అంటుంది. అది బెట్టు కాదు కదూ? మీకు వినబడటం ఎప్పటినుంచి తగ్గింది మామయ్యా? అత్తయ్యకు నేనేమీ చెప్పలేదు, మీరే చెప్పండి.

మిషనంతా రంగు వేశాను, ఆ అరచేయంత చోటు మాత్రం వదిలేశాను. ఈ మాట ఫోన్‌లో అడిగితే ఎప్పటిలాగే "సరే సరే, అందరం బాగున్నాం" అని పెట్టేస్తారని ఉత్తరం రాస్తున్నాను.

మీ మేనకోడలు