తీగతో చేసిన ముత్తాత

రోవ్నే,
2009 నవంబరు 14

చెల్లి జెల్మీరాకు,

అక్క బొహుస్లావా దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయాను గానీ, నాన్న పోయి తొమ్మిది రోజులైంది. నీకు ముందే చెప్పి ఉండాల్సింది. బ్ర్నో నుంచి బస్సులో వచ్చి, నలుగురిలో ఏడ్చి, పాత సంగతులు ఎత్తుతావని చెప్పలేదు. అంత్యక్రియలు బాగానే జరిగాయి. క్యాబేజీ సూపు అందరికీ సరిపోయింది.

నువ్వు నాన్నకు రాసిన ఉత్తరాలు పెట్టెలో దొరికాయి. ఒక్కటీ విప్పలేదు.

ఏడేళ్లయినా ఊరు ఆ విగ్రహం సంగతి మర్చిపోలేదే. పాడైపోయిన మైక్రోవేవ్ ఓవెన్ విప్పి, అందులోని ట్రాన్స్‌ఫార్మర్‌కు వేలెడు లావు కేబుల్ రెండు చుట్లు చుట్టి, రాగి కడ్డీలు బిగించి, కుట్టుమిషను పెడల్ తగిలించి నువ్వు స్పాట్ వెల్డింగు యంత్రం చేసిన రోజున నాన్న మొహం చూశావుగా. తీగను మెలిపెట్టి ముడివేయడమే తప్ప, కాల్చి అతికినవాళ్లు మన ఇంటావంటా లేరు. ఆయన ఏడాది పాటు అల్లేది నువ్వు పది రోజుల్లో నిలబెట్టావు. దేశాలు తిరిగి తీగపని చేసిన ముత్తాత విగ్రహాన్ని చర్చి ముందు పెట్టాలనుకున్నప్పుడు, ఊరి సంఘం నిన్నే పిలిచింది. పదకొండేళ్లు నాన్న పక్కన కూర్చుని వేళ్లు కోసుకున్న నన్ను ఎవరూ అడగలేదు.

ఆవిష్కరణలో గుడ్డ లాగగానే ముత్తాత మోకాళ్ల దగ్గర విరిగి, బ్యాండువాళ్ల ముందు బోర్లా పడ్డాడు. "ఏమే జెల్మీరా, ముసలాయన్ని ఓవెన్‌లో మరీ మెత్తగా ఉడికించావే!" అని పక్కింటి వెండెలీన్ అరిచేసరికి ఊరంతా విరగబడి నవ్వింది. నువ్వు ఏరుకుందామని వంగితే నాన్న ముట్టుకోనివ్వలేదు. అక్కడికక్కడే తుక్కు బండిలో వేయించాడు. "నువ్వు నా కూతురివే కాదు, నా పేరు పెట్టుకుని తిరగొద్దు" అన్నాడు. ఆ సాయంత్రమే నువ్వు బస్సెక్కావు. తర్వాత తీగ ముట్టలేదని, బిస్కెట్ల కార్ఖానాలో డబ్బాలు సర్దుతున్నావని విన్నాను. మంచిదేలే, గౌరవమైన పని.

ఇప్పుడు అసలు సంగతి. సంఘం మళ్లీ ముత్తాత విగ్రహం కావాలంటోంది. ఈసారి నన్నడిగారు. నా వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు తిరిగాయి, ముడి పడటం లేదు. అందుకని అటక మీంచి నీ యంత్రం దింపించాను. పనిచేస్తోంది గానీ, రెండు మిల్లీమీటర్ల తీగ ఒకసారి కాలి తెగిపోతోంది, ఒకసారి అసలు అతకడమే లేదు. పెడల్ ఎంతసేపు తొక్కాలి? కడ్డీలు ఎంత గట్టిగా నొక్కాలి? వివరంగా రాయి. విగ్రహం మీద నా పేరొక్కటే వేయిస్తాను. నీ పేరు కనిపిస్తే జనం మళ్లీ నవ్వుతారు.

చలి ముదిరింది, ఒళ్లు జాగ్రత్త.

ప్రేమతో,
మీ అక్క
బొహుస్లావా

తా.క.: ‘నా అతుకులే నిలవలేదు, నన్నెందుకు అడుగుతావు’ అని నువ్వు జవాబు రాయడం మానేస్తావేమో. అందుకే చెబుతున్నాను. అవి వాటంతట అవి ఊడలేదు. ఆవిష్కరణ రోజు పొద్దున, నువ్వు ఇంట్లో కొత్త గౌను ఇస్త్రీ చేసుకుంటుండగా, నేనే ఉలి పెట్టి మోకాళ్ల దగ్గర విడగొట్టాను. ఒక్కో అతుక్కీ మూడేసి సుత్తి దెబ్బలు పట్టాయి. అంత గట్టివి. విగ్రహం కదలకుండా పట్టుకున్నది నాన్న.