ఎలుగుబంటిని చూపగల దుర్భిణి

కడప,
19 జనవరి 1955

మహారాజశ్రీ బావగారు ఓబుళరెడ్డిగారి సముఖమునకు,

బావమరిది నరసారెడ్డి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మీ వేటలో తొడకు గుండు తగిలిన పుల్లన్న మినహా. అక్క ఆరోగ్యం తెలుపగలరు.

దుర్భిణి ఎంపికచేసి పంపమన్న మీ ఆదేశాన్ని ఎంపికవరకు అమలుచేశాను. మొన్న సందెవేళ రాజంపేట అడవిలో మీ అతిథి ఆఫీసరుగారు, కంబళి కప్పుకున్న మీ గొర్లకాపరి పుల్లన్నను ఎలుగుబంటి అనుకుని కాల్చడానికి మీ పాత దుర్భిణి మసకే కారణమనీ, కొత్తది కానుకగా ఇస్తే వారి మనస్తాపం తీరుతుందనీ వ్రాశారు. పుల్లన్న మనస్తాపం ప్రస్తావించలేదు. కాగితం చాలలేదు కాబోలు.

మిలిటరీవారు వదిలేసిన సామాను అమ్మే అంగడిలో మూడు చూశాను. పన్నెండింతలు పెంచి చూపేదాన్ని అంగడాయన తెగ మెచ్చుకున్నాడు. మునిమాపువేళ దాన్ని కొండవైపు తిప్పితే నా చేతితోపాటు కొండా వణికింది; చెట్లన్నీ ఒకే నల్లముద్ద. చిన్నది జేబులో పడుతుంది గాని దానిలో వెలుగు పడదు. మూడోది ఏడింతలే పెంచుతుంది, కాని ముందరి అద్దాలు పెద్ద నిమ్మకాయంత వెడల్పు. ఆకాశంలో మిగిలిన కాస్త వెలుగునూ అవి పోగుచేస్తాయి. మా గుమాస్తా గిడ్డయ్యకు కంబళి కప్పి పొదలో కూర్చోబెట్టి చూశాను. కంబళి అంచు, ముక్కు, చివరకు అతని విసుగుకూడా కనిపించాయి. "ఇంగ లేస్తా సామీ, చీమలు కరుస్తాండాయి" అన్నాడు. కావున మూడోదే ఉత్తమమని నివేదిస్తున్నాను.

మీ రెండో ఆదేశం: నిషేధించిన అడవిలో దొంగచాటుగా గొర్లు మేపుతూ తానే అడ్డం వచ్చానని పుల్లన్నచేత వేలిముద్ర వేయించడం. ఆసుపత్రికి వెళ్లాను. కాలు తీసేయక తప్పదని డాక్టరుగారు అన్నారు. పుల్లన్న భార్య భీమమ్మ నా చేతిలోని కాగితం చూసి, "ఏమప్పా, మీ రెడ్డికి కాలు చాల్లేదా, ఏలు గూడా కావాల్నంటనా?" అంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. సిరాడబ్బీ మూత తీయనేలేదని నమోదు చేస్తున్నాను.

వేలిముద్ర పడలేదు.

ఇట్లు,
చుట్టరికం రీత్యా మీ విధేయుడు,
నరసారెడ్డి, బి.ఏ., బి.ఎల్.

తా.క. ఉత్తరం టపాలో వేయకముందు మళ్లీ ఆసుపత్రికి వెళ్లాను. భీమమ్మ నీళ్లకు పోయినప్పుడు పుల్లన్న నోరు విప్పాడు. ఎలుగు దొరకక అతిథి ముఖం మాడ్చుకుంటే, కంబళి కప్పుకుని నాలుగు కాళ్లమీద పొదల్లో తిరగమన్నది మీరేనట. దొర చూసి సంతోషించి పోతాడు, తుపాకి ముట్టడు అని మాట ఇచ్చారట. మంచి దుర్భిణి ఇస్తే మీ ఎలుగు వెంటనే పుల్లన్న అయిపోయేది. మసకది ఇచ్చిన కారణం ఇప్పుడు అర్థమైంది. కానుక కొనలేదు. రేపు మెజిస్ట్రేటు కోర్టులో అతని తరఫున ఫిర్యాదు వేస్తున్నాను. మొదటి ముద్దాయి మీరు, రెండో ముద్దాయి మీ అతిథి. ఒప్పుకోవడానికి పుల్లన్న చాలాసేపు తటపటాయించాడు. మీమీద కోపం లేదా అని అడిగితే, "రెడ్డి ఎట్ల నడవమంటే అట్ల నడిస్తి సామీ. శానా బాగా నడిచినట్లుండా" అన్నాడు.